కేతిగాడును ఆడమ్సు పాదిరియు

రామరావణులు ఎంత నిలువెత్తు బొమ్మలైనను, తోలుబొమ్మలాటలో తెల్లవారుదాక జనమును కూర్చుండబెట్టునది కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో, 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారి ఊరిలో, మేకతోలును వెలుగు దూరునంత పలుచగా గీకి, ఉలితో రంధ్రములు పొడిచి రామునకు నగలు దిద్దువారి ఓపిక ఇంతింత కాదు. కేతిగానికి ఆ యలంకారము లేదు, వాని సొమ్మంతయు నోటిలోనే యున్నది. లంకాదహనము నడుమ తెరపైకి దూకి, హిందూపురము సంతలో చింతపండు ధర యెట్లున్నదని యడిగి, బంగారక్కచేత తన్నులు తిని, మరల ఇకిలించుచు లేచును.

పెనుకొండలో పుట్టపర్తి నారాయణాచార్యులవారు పిట్ దొరసానివద్ద ఆంగ్లసాహిత్యము చదివిన సంగతి తలపునకు వచ్చినపుడెల్ల, ఆ భాషలోని హాస్యపాత్రలను మన తెరముందు నిలిపి చూడవలెనని నాకు బుద్ధి పుట్టుచుండును. 1742లో హెన్రీ ఫీల్డింగు ప్రకటించిన ‘జోసెఫ్ ఆండ్రూస్’ నవలలో ఆడమ్సు అను పాదిరి యున్నాడు. గ్రీకున దిట్ట, లోకజ్ఞానమున పసివాడు. తన ప్రసంగములను అచ్చువారి కమ్ముకొనవలెనని లండనునకు బయలుదేరి, కొంతదూరము పోయినపిదప సంచి విప్పగా అందు ప్రసంగములు లేవు. ప్రయాణమునకు చొక్కాలే ముఖ్యమని ఇల్లాలు వానిని సర్ది పంపినది. ఏండ్లతరబడి విడువక వెంట మోసిన ఎస్కిలసు గ్రంథమును, ఒక సత్రమున ఫానీ యను పడుచు మూర్ఛిల్లగా, తొట్రుపాటున నిప్పులో విసరివైచును. మనము పడిపడి నవ్వుదుము. అతడు మాత్రము తాను నవ్వించుచున్నట్లే యెరుగడు. కేతిగానికో, ఆ యెరుక నిండుగా నున్నది.

హాస్యము వ్రాయబూనువారికి ఆ యెరుగనివానిని నిలుపుటయే కష్టము. రచయిత తన తెలివిని పాత్రనోట ఒక్క మాట పలికించెనా, పాదిరి అంతటితో సరి, కేతిగాడు మిగులును. ‘కన్యాశుల్కము’ నాటకమున గిరీశము మాటకారితనమునకే లోకము చప్పట్లు చరచినదిగాని, కోపమున ఊగిపోవుచు తానన్న ప్రతిమాటయు న్యాయమేయని నమ్ము అగ్నిహోత్రావధానులయందే గురజాడవారి చేయి నాకు మరింత బలముగా కనబడును.

అట్లని కేతిగాడు చులకనవాడు కాడు. ఆడమ్సు మాటలు అచ్చుపడిననాడే గట్టిపడినవి; కేతిగాని మాటలను ఆడించువాడు ఏ ఊరికాయూరి తగవులు విని, అప్పటికప్పుడు అల్లుకొనవలెను. బంగారక్కను ఎవరి పక్కన నిలుపవలెనో నాకింకను తేలలేదు. ఆమె తిట్టునపుడు నిజముగనే తిట్టుచున్నది.