ఐరోపా ఆహారపుటలవాట్లు – ఒక విమర్శ

ఒకప్పుడు ఐరోపా ఖండమును కరవులు పీడించెను. స్కర్వీ, రికెట్సు వంటి పోషకలోప వ్యాధులు ఓడలలోను, పట్టణపు మురికివాడలలోను వేలాది ప్రాణములను బలిగొనెను. నేడు ఆ స్థితి లేదు. అయినను తిండి మూలమున వచ్చు రోగములు ఆ ఖండమును విడిచిపోలేదు. రూపము మాత్రము మార్చుకొన్నవి. లేమి పోయి మితిమీరుట వచ్చినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐరోపా శాఖ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము అచ్చటి వయోజనులలో నూటికి సుమారు 59 మంది ఉండవలసిన బరువును మించియున్నారు. పిల్లలలో ఇంచుమించు మువ్వురిలో ఒకరిది ఇదే స్థితి. హృద్రోగము, పక్షవాతము, మధుమేహము, కొన్ని రకముల కాన్సరు ఈ స్థితిని అంటిపెట్టుకొని వచ్చుచున్నవి.

దీనికి కారణమేమని అడిగినచో సాధారణముగా లభించు సమాధానము ఒక్కటే: “చెడు ఆహారపుటలవాట్లు.” ఈ మాట అబద్ధము కాదు, కాని సగము నిజము. అలవాటు అనగానే తినువాని నాలుక, అతని నిగ్రహలోపము మనస్సునకు తోచును. నేరము నాలుకదైనచో చికిత్స హితబోధయే కావలెను. అందుచేతనే ఐరోపా ప్రభుత్వములు చిరకాలము కరపత్రములు, గోడపత్రికలు, ఉపన్యాసములతో తృప్తిపడినవి. ఈ రోగనిర్ణయము ఎంతవరకు సరియైనది? గత ఏబది యేండ్లలో అచ్చట జరిగిన కొన్ని ప్రయత్నములను, వాని ఫలితములను పక్కపక్కన ఉంచి చూచినచో సమాధానము కొంత తేటపడును.

ఉత్తర కరేలియా పాఠము

ఫిన్లండు దేశపు తూర్పు సరిహద్దున ఉత్తర కరేలియా అను అడవుల ప్రాంతము కలదు. అచ్చటి పురుషులు చెట్లు నరకువారు, పశువులను పెంచువారు, ఒళ్లు వంచి పనిచేయువారు. అయినను 1960 దశకమున గుండెజబ్బుతో నడివయస్సుననే మరణించుట అచ్చట ఎంత సాధారణమైనదనగా, ప్రపంచమున అంత అధికమైన మరణముల రేటు మరెచ్చటను కానరాలేదు. అమెరికను శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ 1958లో ప్రారంభించిన ఏడు దేశముల పరిశీలనలోకూడ తూర్పు ఫిన్లండు ఒక కొసను, గ్రీసు దేశపు క్రీటుద్వీపము మరియొక కొసను నిలిచెను. శరీరశ్రమ ఉన్నంత మాత్రమున గుండెకు రక్షణ లేదని దీనివలన తేలినది. ఫిన్లండు రైతు భోజనము వెన్న, మీగడపాలు, కొవ్వుమాంసము, ఉప్పు. దానికి తోడు పొగచుట్ట.

1971లో ఆ ప్రాంతపు ప్రతినిధులు తమకు సహాయము చేయవలెనని ప్రభుత్వమునకు విన్నపము చేసుకొనిరి. 1972లో పెక్క పుస్క అను యువవైద్యుని నాయకత్వమున ఒక ప్రణాళిక మొదలయ్యెను. స్త్రీల సంఘములు ఊరూర విందులు చేసి, తక్కువ కొవ్వుతో కూరలు వండు విధము చూపినవి. ఆనాడు రొట్టెకు వెన్న పూసుకొనువారు నూటికి సుమారు తొంబదిమంది; కాలక్రమమున వారు అల్పసంఖ్యాకులైరి. సుమారు 35 సంవత్సరములలో పనిచేయు వయస్సుగల పురుషులలో గుండెజబ్బు మరణములు నూటికి ఎనుబది పాళ్లకు మించి తగ్గినవి.

ఈ ఫలితమును చూపి హితబోధయే సర్వరోగ నివారిణియని వాదించువారు కలరు. వారు రెండు సంగతులు మరచుచున్నారు. మొదటిది: పోల్చిచూచుటకై ఎన్నుకొన్న పొరుగు ప్రాంతమైన కువోపియోలోను, తక్కిన ఫిన్లండులోనుకూడ మరణములు బాగుగా తగ్గినవి. పొగత్రాగుట తగ్గుట, రక్తపోటునకు మందులు వచ్చుట, చికిత్స మెరుగగుట ఇందు పాలుపంచుకొన్నవి. కావున ఘనతయంతయు ఒక్క ప్రణాళికకే కట్టిపెట్టుట శాస్త్రీయము కాదు. రెండవది మరింత ముఖ్యమైనది: అచ్చట మారినది శ్రోతల మనస్సు మాత్రమే కాదు. పాలకేంద్రములు తక్కువ కొవ్వుగల పాలను అమ్మసాగినవి. మాంసపు సాసేజి చేయువారు అందలి కొవ్వు తగ్గించిరి. ఫిన్లండు చలికి తట్టుకొను ఆవజాతి నూనెగింజల పైరు పెరిగెను. పాడిరైతులు నష్టపోకుండ పండ్లతోటల వైపునకు వారిని మరల్చు యత్నము జరిగెను. అనగా వెన్న మానుమని చెప్పిననాడు, వెన్నకు బదులు కొనదగినది దుకాణమున సిద్ధముగా నుండెను. విన్నవానికి ఆచరించుటకు వీలు కలిగినందుననే బోధ ఫలించెను.

నాలుకకు తెలియని విషము

తినువాని అలవాటుతో ఏమాత్రము సంబంధము లేని ఆహారదోషము ఒకటి కలదు. అదియే ట్రాన్స్ కొవ్వు. దీని పుట్టుక కర్మాగారమున జరిగినది. 1902లో విల్‌హెల్మ్ నార్మన్ అను జర్మను రసాయనికుడు ద్రవరూపమున నున్న నూనెలోనికి ఉదజని వాయువును పంపి గట్టికొవ్వుగా మార్చు పద్ధతికి పేటెంటు పొందెను. నికెల్ లోహపు పొడి ఇందు ఉత్ప్రేరకము. నూనెలోని కొవ్వు ఆమ్లములు పొడవైన గొలుసుల వంటివి. సహజమైన నూనెలో ద్విబంధమున్న చోట గొలుసు వంగియుండును. వంకర కట్టెలు మోపునకు కుదురుగా అమరనట్లు ఈ గొలుసులు ఒత్తుగా పేరుకొనవు. అందుచే నూనె ద్రవముగా నుండును. ఉదజనిని పూర్తిగా కాక కొంతవరకే పట్టించినప్పుడు, మిగిలిన ద్విబంధములలో కొన్ని తిరుగబడి గొలుసు తిన్ననగును. తిన్నని కట్టెలు ఒత్తుగా అమరును, కొవ్వు గడ్డకట్టును. ఇది చవుక, త్వరగా ముక్క వాసన కొట్టదు, బిస్కత్తునకు కరకర నిచ్చును. తయారుచేయువానికి ఇన్ని సౌకర్యములు!

1990లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మెన్సింక్, కాటన్ అనువారు 59 మందికి మూడేసి వారములు వేరువేరు కొవ్వులతో భోజనము పెట్టి రక్తమును పరీక్షించిరి. ట్రాన్స్ కొవ్వు హానికరమైన కొలెస్టెరాల్‌ను పెంచుటయే కాక, మేలుచేయు కొలెస్టెరాల్‌ను తగ్గించుచున్నదని తేలెను. తరువాతి పరిశీలనల సారమిది: దినమునకు తిను ఆహారశక్తిలో నూటికి రెండు పాళ్లు, అనగా అయిదు గ్రాములలోపు, ట్రాన్స్ కొవ్వు రూపమున వచ్చినచో గుండెజబ్బు ప్రమాదము ఇంచుమించు నాలుగవ వంతు పెరుగును.

ఇప్పుడు విమర్శకు ముఖ్యమైన ప్రశ్న: ఈ దోషమును ఏ హితబోధ నివారింపగలదు? బిస్కత్తు రుచినిబట్టి అందు ట్రాన్స్ కొవ్వెంత కలదో చెప్పగల నాలుక లేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞులు స్టెండర్, డైయెర్‌బెర్గ్ ప్రభృతులు అనేక దేశములలో ఒకే పేరుగల భోజనశాలలలో వేయించిన బంగాళాదుంపలు, కోడిమాంసపు ముక్కలు కొని పరీక్షించి, 2006లో ఫలితములు ప్రకటించిరి. పేరు ఒకటే, పళ్లెము ఒకటే. అయినను డెన్మార్కులో ఒక భోజనమునకు గ్రాము లోపుగా నున్న ట్రాన్స్ కొవ్వు, తూర్పు ఐరోపాలో కొన్నిచోట్ల పది గ్రాములను మించియుండెను. తినువారి అలవాటు రెండుచోట్లను ఒక్కటే. తేడా అలవాటుది కాదు, చట్టముది.

ఆ చట్టము డెన్మార్కు 2003లో చేసినది. అమ్ము ఆహారమున 100 గ్రాముల కొవ్వులో పారిశ్రామికమైన ట్రాన్స్ కొవ్వు 2 గ్రాములు మించరాదని శాసించినది. తినువానికి ఆంక్ష లేదు, పన్ను లేదు, చీటీ చదువు శ్రమయు లేదు. తయారుచేయువాడు నూనె మార్చుకొనెను; బిస్కత్తు బిస్కత్తుగానే యుండెను. ఈ చట్టము లేకున్నచో డెన్మార్కు ఎట్లుండెడిదో ఇతర దేశముల లెక్కలనుబట్టి ఊహించి పోల్చిన ఒక పరిశీలన, గుండె, రక్తనాళముల జబ్బులవలన మరణములు ఏటేట లక్షకు సుమారు 14 తగ్గినవని 2016లో తెలిపెను. ఇట్టి లెక్క ఊహ మీద ఆధారపడినదే. అంకెను తుదిమాటగా గైకొనరాదు. కాని దిక్కు స్పష్టము. అయినను ఐరోపా సమాజము అంతట ఇదే హద్దు అమలునకు వచ్చుటకు 2021 ఏప్రిల్ వరకు పట్టినది. పదునెనిమిదేండ్ల ఈ ఆలస్యమునకు ప్రజల నాలుకను నిందించుట న్యాయమా?

బ్రిటనులో రెండు త్రాసులు

బ్రిటనులో ప్రజలు తిను ఉప్పులో అధికభాగము వంటింటి ఉప్పుడబ్బానుండి కాక రొట్టె, జున్ను, డబ్బా ఆహారములనుండి వచ్చును. అందుచే 2003 ప్రాంతమున అచ్చటి ఆహారప్రమాణ సంస్థ ఒక్కొక్క వస్తువునకు ఉప్పు హద్దులు నిర్ణయించి, తయారీదారులను వెన్నాడుచు వచ్చెను. ఉప్పు కొద్దికొద్దిగా తగ్గించినచో నాలుక గుర్తింపదు. కొన్ని వారములలో క్రొత్త రుచికి అలవాటుపడును. ఇరువదినాలుగు గంటల మూత్రమును పరీక్షించి కొలువగా, మనిషి దినమునకు తిను ఉప్పు 9.5 గ్రాములనుండి 2011 నాటికి 8.1 గ్రాములకు దిగెను. ఆ యేడే ప్రభుత్వము పద్ధతి మార్చి, బాధ్యతను కంపెనీల సద్బుద్ధికి విడిచెను. పిమ్మట ఆ అంకె దిగుట ఆగిపోయినది.

చక్కెర విషయమున ఈ భేదము మరింత స్పష్టము. కేకులు, చాకొలెట్లు మొదలగువానిలో చక్కెరను 2020 నాటికి నూటికి 20 పాళ్లు తగ్గింపుమని ప్రభుత్వము కంపెనీలను కోరెను. అది ఆజ్ఞ కాదు. తగ్గినది సుమారు మూడున్నర పాళ్లు. తీపి పానీయముల మీద మాత్రము 2018 ఏప్రిల్‌లో మెట్లుగల సుంకము విధించిరి. అప్పటి నిబంధన ప్రకారము 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు లోబడినచో సుంకము లేకుండెను. 5 గ్రాములైనచో లీటరునకు 18 పెన్నీలుండెను. 8 గ్రాములైనచో 24 పెన్నీలుండెను. సుంకము అమలునకు రాకముందే అనేక కంపెనీలు చక్కెర తగ్గించినవి. 2015–2020 మధ్య ఈ పానీయములలో చక్కెర సగటున నూటికి 40 పాళ్లకు పైగా పడిపోయినది. దేశమొకటే, కాలమొకటే, జనమొకటే. ఒకచోట కోరిక, ఒకచోట శాసనము. ఫలితములు రెండు త్రాసులలో ఎట్లు తూగినవో చూడవచ్చును. అయితే తీసివేసిన చక్కెర స్థానమున పలుచోట్ల కృత్రిమ తీపిపదార్థములు చేరినవి. వాని దీర్ఘకాల ఫలితములపై చర్చ ఇంకను ముగియలేదు.

శాసనమునకును హద్దు కలదు

ఇంతమాత్రమున పన్ను వేసిన ప్రతిచోట మేలు కలుగునని తలపరాదు. ట్రాన్స్ కొవ్వు చట్టముతో కీర్తిగాంచిన డెన్మార్కే 2011 అక్టోబరులో సంతృప్తకొవ్వు మీద కిలోకు 16 క్రోనర్ల పన్ను వేసి, పదునైదు నెలలలోనే దానిని రద్దుచేసెను. జనులు సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుచున్నారనియు, పద్దులు వ్రాయుట భారమైనదనియు ఆక్షేపణలు బయలుదేరెను. సంతృప్తకొవ్వు వాడుక కొద్ది పాళ్లే తగ్గినది. కారణము ఊహింపదగినదే. పానీయమునుండి చక్కెరను తీసివేయవచ్చును. వెన్ననుండి కొవ్వును తీసివేసిన వెన్నయే మిగులదు. తయారీదారుడు మార్చుటకు వీలులేని వస్తువు మీద వేసిన పన్ను, తుదకు కొనువాని జేబు మీదనే పడును. అచ్చటను మరల తినువాడే నేరస్థుడయ్యెను.

స్థూలకాయము సంగతి ఇంకను కఠినము. ట్రాన్స్ కొవ్వు ఒక్క పదార్థము. దానిని పట్టి బయటకు నెట్టవచ్చును. బరువు పెరుగుటకు వేయి దారులు కలవు: చవుకయైన తీపి, పెద్దవైన పొట్లములు, పిల్లలను ఆకర్షించు ప్రకటనలు, కూర్చుండి చేయు ఉద్యోగము. తక్కువ ఆదాయము, తక్కువ చదువు గల కుటుంబములలో ఈ బాధ అధికము. పండ్లకంటె బిస్కత్తులు కడుపు చవుకగా నింపునపుడు పేదతల్లికి పండ్ల మహిమను బోధించుట పరిహాసమగును. 2025 నాటికి స్థూలకాయము పెరుగుటను ఆపవలెనన్న లక్ష్యమును చేరు దారిలో ఐరోపా ప్రాంతపు 53 దేశములలో ఒక్కటియు లేదని 2022 నివేదికయే ఒప్పుకొన్నది.

మన వంటింటి వరకు

డెన్మార్కు నిర్ణయించిన ఆ 2 అను అంకె మన దేశమునకును చేరినది. వనస్పతి, మార్గరిను, నూనెలలో ట్రాన్స్ కొవ్వు నూటికి 2 పాళ్లు మించరాదను నిబంధన భారతదేశమున 2022 జనవరినుండి అమలులో నున్నది. డాల్డా పేర తెలుగు ఇండ్లలో పరిచితమైన వనస్పతి, నార్మన్ పద్ధతికి పుట్టిన బిడ్డయే. మిఠాయి దుకాణమున లడ్డు కొనువాడు ఈ మార్పు నెరుగడు. ఎరుగవలసిన పనియు లేదు. అయితే చట్టము పుస్తకమున నున్నంతనే సరిపోదు. డెన్మార్కులోవలె వస్తువులను కొని పరీక్షించి అంకెలు ప్రకటించువారు ఉండవలెను.

మొత్తముమీద ఐరోపా అనుభవము తెలుపునది ఇది. అలవాటు మనిషి ఒంటరిగా కల్పించుకొన్నది కాదు. బజారులో ఏది దొరకునో, ఏది చవుకో, దానినిబట్టి అది పుట్టును. బోధ అక్కరలేదని కాదు; బోధించినదానిని ఆచరించు వీలు కల్పింపక బోధించుట వ్యర్థము. ఇకముందు ఆహారవిషయమున ఏ పథకమునైనను మెచ్చుటకు ముందు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: దీనివలన పళ్లెమునకు వచ్చు ఆహారము మారినదా, లేక తినువానికి మందలింపు మాత్రమే మిగిలినదా?