తలంబ్రాలు గళ్ళుగా పగలకుండా

పాతికేళ్ళనాటి పెళ్ళి క్యాసెట్‌ను డీవీడీకి ఎక్కించి టీవీలో పెడితే, మంగళసూత్రధారణ దాకా బొమ్మ బాగానే నడుస్తుంది. తలంబ్రాలు మొదలవగానే వధూవరుల ముఖాలు చిన్న చిన్న గళ్ళుగా పగిలిపోతాయి. ఇంటిల్లిపాదీ ఎదురుచూసే ఘట్టం అదే! క్యాసెట్ పాడైందనుకుంటారు చాలామంది. కానీ దాన్నే మళ్ళీ వేసి చూస్తే గళ్ళు ఉండవు. లోపం టేపులో లేదు, కుదింపులో ఉంది.

మన పాత టీవీ పద్ధతి పాల్‌లో ఫ్రేముకు 720 × 576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. కుదించకుండా రాస్తే సెకనుకు దాదాపు 124 మెగాబిట్లు కావాలి. డీవీడీ వీడియోకు ఇచ్చే గరిష్ఠం 9.8. అందుకే కుదించే పని చేసే ఎంపెగ్-2 ఎన్‌కోడర్ ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తర్వాతివాటిలో ఏది ఎటు జరిగిందో రాస్తుంది. మిగిలిన తేడాను 8 × 8 చుక్కల గళ్ళుగా కోసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఈ గళ్ళ వెనకున్న గణితాన్ని 1974లో ప్రకటించినవారు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ పుట్టింది బెంగళూరులో.

పీటల మీద కుదురుగా కూర్చున్న జంటతో ఎన్‌కోడర్‌కు ఇబ్బంది లేదు. తలంబ్రాలలో ఒక్కో గింజదీ ఒక్కో దారి. ముందు ఫ్రేములో దానికి పోలిక దొరకదు. పైగా ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ మెరిసిన ప్రతిసారీ మండపమంతా ఒక్క క్షణం తెల్లబడుతుంది. హోమం పొగ, జరీ తళుకు సరేసరి. బిట్లు చాలక గళ్ళ అంచులు బయటపడతాయి.

కనుక ముందు చూడాల్సింది లెక్క. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల పెళ్ళికి, మాటా బొమ్మా కలిపి సెకనుకు 5.2 మెగాబిట్లు దక్కుతాయి. మూడు గంటలు కుక్కితే 3.5 కూడా మిగలదు. అలాంటప్పుడు రెండు డిస్కులు చేయడమే మేలు. శబ్దాన్ని కుదించని పీసీఎమ్‌లో ఉంచితే 1.5 మెగాబిట్లు అదే మింగేస్తుంది. డాల్బీ ఏసీ-3లో 192 కిలోబిట్లతో సన్నాయి చక్కగానే వినిపిస్తుంది. ఆ మిగులంతా బొమ్మకే. బిట్‌రేటును స్థిరంగా కాక, రెండు పాస్‌ల మారే పద్ధతిలో పెట్టాలి. మొదటి పాస్‌లో ఎన్‌కోడర్ పెళ్ళంతా చూసి, రెండోసారి కుదురైన చోట పొదుపు చేసి తలంబ్రాలకు ఖర్చు పెడుతుంది.

అసలు పనితనం మాత్రం ఎన్‌కోడర్ కన్నా ముందే ఉంది. అర్ధరాత్రి ముహూర్తాలలో, చాలీచాలని వెలుతురులో తీసిన టేపు నిండా రవ్వల్లాంటి నాయిస్ ఉంటుంది. ఎన్‌కోడర్‌కు ఆ రవ్వ కూడా కదలికే. విలువైన బిట్లన్నీ దానికే ధారపోస్తుంది. నాయిస్ ఫిల్టర్‌తో కొంచెం తుడిస్తే చాలు. ఎక్కువైతే అమ్మమ్మ ముఖంలోని ముడతలు కూడా పోయి మైనపు బొమ్మలా తేలుతుంది. వీహెచ్ఎస్ క్యాసెట్ బొమ్మ అట్టడుగున వణికే గీతలను నల్లగా కప్పేయాలి.

‘శుభవివాహం’ అనే టైటిల్ అక్షరాల చుట్టూ దోమల్లా ముసిరే చుక్కలది ఇంకో కథ. పదునైన సన్నని అంచులను కుదించడం కష్టం. అక్షరాన్ని లావు చేసి, అంచును మెత్తబరిస్తే ఆ ముసురు చాలావరకు తగ్గుతుంది.

కదలిక ముందుకీ వెనక్కీ కుదుపులతో సాగుతుంటే బిట్‌రేటు ఎంత పెంచినా లాభం లేదు. అక్కడ ఫీల్డుల వరుస, అంటే ఇంటర్‌లేస్ ఫ్రేములోని సరి గీతలు, బేసి గీతలు వచ్చే క్రమం, తారుమారైంది. టేపును కంప్యూటర్‌లోకి డీవీ ఫైలుగా ఎక్కించే డీవీ క్యాప్చర్‌లో కింది ఫీల్డు ముందు వస్తుంది. ఎన్‌కోడర్‌కూ అదే చెప్పాలి. కంప్యూటర్ తెర మీద కనిపించే దువ్వెన పళ్ళలాంటి గీతలు మాత్రం దోషం కాదు, అది ఇంటర్‌లేస్ బొమ్మ సహజ రూపం.

అనుభవమున్న ఎడిటర్ మూడు గంటల పెళ్ళిని ఒకేసారి ఎన్‌కోడ్ చేయడు. తలంబ్రాల నుంచి ఒక్క నిమిషం కోసి, ఎన్‌కోడ్ చేసి, తిరిగి రాయగల డిస్కు మీద మామూలు టీవీలో చూస్తాడు. నచ్చాకే మిగతాది. గంటకు దాదాపు 13 జీబీ పట్టే డీవీ ఫైలును డిస్కు ఇచ్చేశాక కూడా చెరపడు. రేపు ఆ కుటుంబం గళ్ళున్నాయంటూ తిరిగొస్తే, అరిగిన టేపును మళ్ళీ తిప్పే పని ఉండదు.