చాంపా కోసా నేత

బిలాస్‌పూర్, తిఫ్రా వైపు రైల్వే కొలువుల మీద వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళు పట్టుచీర అనగానే ధర్మవరం, కంచి అంటారు. హౌరా లైన్లో తూర్పుగా దాదాపు 50 కిలోమీటర్లు వెళితే వచ్చే చాంపా వాళ్ళకు కోర్బా రైళ్ళు మళ్ళే జంక్షన్‌గానే తెలుసు. హస్‌దేవ్ నది దగ్గర, ఒకప్పటి జమీందారీ ఊరు. చుట్టుపక్కల పల్లెలకు అదే బజారు. కోసా, కాంసా, కంచన్ అని ఊరి సరుకులు మూడూ ఒక్క గుక్కలో చెబుతారు. బంగారం పని ఎక్కడైనా దొరుకుతుంది. కంచు గిన్నెల సంగతి ఇంకెప్పుడైనా. చూసి తీరాల్సింది కోసా.

కోసా అంటే మన దసలి పట్టు. మహాదేవ్‌పూర్ నేతగాళ్ళకు చెప్పనక్కర్లేదు. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల మీద పెరిగేది కాదిది. నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద ఎండావానల్లో ఆకు మేసి, పొడుగాటి తొడిమతో కొమ్మకు బిగించుకుని గట్టి కాయ కడుతుంది. ఏ రెండు కాయలూ ఒకే రంగు కావు. గోధుమ, తేనె, బూడిద ఛాయలు కలగలిసి ఉంటాయి. మల్బరీ పోగుకంటే ఈ పోగు నాలుగైదు రెట్లు లావు, పైగా బల్లపరుపు. వెలుగు దాని మీద పడి అక్కడక్కడా మినుకుమంటుందే తప్ప అద్దంలా జిగేలుమనదు. నాకు ఆ మెరుపే ఇష్టం.

పనితనం ఛాయలవారీగా కాయలు ఏరడంతో మొదలవుతుంది. ఈ ఏరికలో పొరపడితే చీరలో అడ్డంగా చారలు తేలతాయి, తర్వాత ఎవరూ దిద్దలేరు. ఏరిన కాయల్ని సోడా నీళ్ళలో ఉడకబెట్టి మెత్తబరుస్తారు. పాత పద్ధతిలో ఆడవాళ్ళు నాలుగైదు కాయల పోగులు కలిపి లాగి, తొడ మీద అరచేత్తో పురి పెట్టేవారు. కాయ లోపలికి పోయేకొద్దీ పోగు సన్నబడుతుంది. దాన్ని వేలికొసలతోనే పసిగట్టి ఇంకో కాయ పోగు జోడించాలి. చర్మం ఒరుసుకుపోయే ఈ పనిని మాన్పించడానికి కేంద్ర పట్టు మండలి ‘బునియాద్’ యంత్రాన్ని తెచ్చింది. తొడ మీద తీసిన దారంలో అందం ఉందని ఆ పాత పద్ధతినే కొనసాగించమనడం నా దృష్టిలో దుర్మార్గం.

పారేసేదంటూ ఏమీ లేదు. చిమ్మట చీల్చుకుని బయటపడ్డ కాయల నుంచి ఘీచా, దారం తీయగా మిగిలిన పీచు నుంచి కటియా, తొడిమల నుంచి బల్కల్ వడుకుతారు. శాలువాలకు, చొక్కా గుడ్డకు ఆ గరుకు దారమే ప్రాణం.

మగ్గాల దగ్గర కూర్చునేది ఎక్కువగా దేవాంగన్‌లు. ఎగుడుదిగుడు పేకను పడుగులో ఎంత గట్టిగా దట్టించాలన్నది చేతికి తెలియాలి. ఎక్కువ బిగిస్తే గుడ్డ అట్టలా నిలబడుతుంది, వదులైతే కుచ్చిళ్ళ దగ్గర పోగులు జరుగుతాయి. మంచి చాంపా చీర పట్టుకుంటే మొదట కాస్త బిరుసుగా అనిపిస్తుంది, కడుతూంటే ఒంటికి అలవాటు పడుతుంది. రంగు వేయని గుడ్డలోనే ఈ నేత నిజంగా కనబడుతుంది. అంచుకు కాస్త ఎరుపో, ముదురు ఆకుపచ్చో చాలు. ముదురు రంగుల్లో ముంచి తీసినవి నాకు నచ్చవు, కాయ ఛాయ అంతా పోతుంది.

చాంపా పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా కొనేవాళ్ళు ఒకటి అడగాలి. కొరియా, చైనా దారం ఎగుడుదిగుడు లేకుండా ఉంటుంది, తెగదు, పని త్వరగా తెములుతుంది. అందుకని పడుగుకు దాన్ని వాడే మగ్గాలున్నాయి. దాన్ని మోసమనను, నేతగాడికి రోజు గడవాలి. కానీ పడుగూ పేకా రెండూ దేశీ కోసాయేనా అని అడిగి, అవునంటే చీరను వెలుతురుకు పట్టి చూడండి. నిలువు పోగులు కూడా అక్కడక్కడా లావెక్కి సన్నబడుతుంటే ధర దగ్గర మరీ బేరమాడకండి.