సకినం పోసే వేళ్లు, నువ్వుల పొట్టు

సకినం పోసే చేతిని దగ్గరగా చూడాలంటే బొటనవేలి మీద కన్నుంచాలి. తడిపిండి ముద్ద గుప్పిట్లో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి అందులోంచి సన్నటి తీగను మెలితిప్పుతూ బయటికి తీస్తాయి. మెలిక పడుతుండగానే తీగ బట్ట మీద గుండ్రంగా వాలుతుంది. ఒక చుట్టు ముగిశాక దాని అంచును ఆనుకుని రెండోది, ఆ తర్వాత మూడోది. తీగ తెగకూడదు, చుట్ల మధ్య సందు రాకూడదు, లావు మారకూడదు. సంక్రాంతి దగ్గర పడిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటింటా ఇదే పని. మురుకులకైతే గొట్టం ఉంది. సకినానికి వేళ్లే గతి. అందుకే ఒకే పిండితో నలుగురు పోసినా ఏ వరుస ఎవరిదో చూడగానే చెప్పేస్తారు.

ఈ పనితనం పొయ్యి దగ్గర మొదలవదు, ముందురోజు రాత్రే మొదలవుతుంది. కొత్తబియ్యం నానబెట్టి, పొద్దున నీళ్లు వడగట్టి, తడి ఆరకముందే గిర్నీలో పట్టిస్తారు. పిండి ఎండిపోతే తీగ విరుగుతుంది. నీళ్లెక్కువైతే చుట్టు నిలవకుండా పరుచుకుపోతుంది. నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలిపేటప్పుడు, పిండిని వేళ్ల మధ్య నొక్కి చూసి "ఇంకింత తడి చెయ్యి బిడ్డా" అనే పెద్దామె మాటే అక్కడ కొలత.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కింద పరిచే బట్ట. ఉతికిన నూలు పంచెనే పరుస్తారు, ఎందుకంటే నూలు తడి పీలుస్తుంది. పోసిన సకినం కాసేపట్లో కింది నుంచి గట్టిపడి, విరగకుండా చేతికి లేస్తుంది. ఆ తర్వాతే నూనెలోకి జారుతుంది. పాలిస్టర్ బట్ట అయితే తడి పైనే నిలిచి చుట్టు అంటుకుపోతుంది. సాంచాల (మరమగ్గాల) మీద పాలిస్టర్ నేసే సిరిసిల్లలోనూ ఈ ఒక్క పనికి నూలు పంచె కావలసిందే.

ఇక నువ్వుల సంగతి. కిలో బియ్యానికి పావుకిలో దాకా నువ్వులు పోసే ఇళ్లున్నాయి. ఈ ప్రాంతంలో ఇంత ధారాళంగా వాడటానికి కారణం చుట్టూ ఉన్న చేలే. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి శ్వేత తిల్, రాజేశ్వరి, హిమ, జగిత్యాల తిల్-1 వంటి నువ్వు రకాలు వచ్చాయి. ముందు పంట చేతికొచ్చాక వేసవిలో వేసే నువ్వు మూడు నెలల్లోపే కోతకొస్తుంది. కోతలోనూ చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. కింది కాయలు పసుపు తిరిగాయంటే పైకాయలు ఇంకా పచ్చగా ఉన్నా ఆగకూడదు. ఆగితే కాయ పగిలి గింజ నేలపాలు. పొద్దున్నే, కాయలు మెత్తగా ఉండగానే కోసి, కట్టలు కట్టి నిలబెడతారు. ఆరాక టార్పాలిన్ మీద బోర్లించి దులుపుతారు.

ఈ నువ్వులకు మన ఎముకలతోనూ సంబంధం ఉంది, ఆ కథ గింజ పొట్టులో ఉంది. పొట్టుతో ఉన్న నువ్వులు వంద గ్రాములు తీసుకుంటే కాల్షియం దాదాపు వెయ్యి మిల్లీగ్రాములు, రకాన్ని బట్టి అంతకన్నా ఎక్కువ. పొట్టు పూర్తిగా తీసేస్తే అందులో పదో వంతు కూడా మిగలదు. ఎక్కువ కాల్షియం పలచటి ఆ పై పొరలోనే ఉంటుంది. సకినం తెల్లగా మెరవాలని పాలిష్ నువ్వులు కొంటే మనం డబ్బిచ్చి కాల్షియం తీయించుకున్నట్టే. నన్నడిగితే, సకినం కాస్త నల్లబారినా పొట్టు నువ్వులతో చేసిందే మేలు. అయితే లెక్క నిజాయితీగా చెప్పాలి. పొట్టులోని కాల్షియంలో చాలా భాగం ఆక్సలేట్‌తో ముడిపడి ఉంటుంది కనుక పేగు అంతా పీల్చుకోలేదు. 200 మిల్లీలీటర్ల బర్రెపాలలో ఉండేది సుమారు 240 మిల్లీగ్రాములే, కానీ అది సులువుగా ఒంటబడుతుంది. కాబట్టి నువ్వులు తింటున్నాం కదా అని పాలు, పెరుగు మానేయడం సరికాదు.

ఎముకల మాట వచ్చింది కనుక ఇంకో భయం సంగతీ చెప్పాలి. పులుపు తింటే ఒంట్లో ఆమ్లం పెరిగి ఎముకలు కరుగుతాయని చింతపండు చారుకు దూరంగా ఉండేవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. ఆ భయం అనవసరం. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉండేట్టు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రేయింబవళ్లు కాపలా కాస్తాయి. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపితే, మూత్రపిండాలు మిగిలిన ఆమ్లాన్ని మూత్రంలోకి తోస్తాయి. సకినం చేతి నైపుణ్యాన్ని మెచ్చుకున్నట్టే ఈ పనితనాన్నీ మెచ్చుకోవాలి. చారు తాగినా, మాంసం తిన్నా ఆ అంకె పక్కకు జరగదు. ఒంటి కాల్షియంలో 99 శాతం దాచుకున్న ఎముక ఒక గాదె. మూత్రపిండాలు దెబ్బతిని ఏళ్లతరబడి ఆమ్లం పేరుకుపోయినప్పుడు ఆ గాదె నుంచి క్షారం తీయక తప్పని మాట నిజమే, కానీ అది జబ్బు, తిండి కాదు. ఆహారంలోని ఆమ్లం ఎముకజబ్బుకు కారణమన్న వాదాన్ని కెనడాకు చెందిన టానిస్ ఫెంటన్ బృందం 2011లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూడగట్టి పరిశీలించి, దానికి ఆధారం దొరకలేదని తేల్చింది. మాంసకృత్తులు ఆమ్లాన్ని పుట్టిస్తాయని పప్పు, గుడ్డు తగ్గించేవాళ్లు ఎముకకు కావలసిన దినుసునే దూరం చేసుకుంటున్నారు. నిజంగా ఆలోచించాల్సింది ఉప్పు గురించి. సోడియం ఎక్కువైతే మూత్రంలో కాల్షియం కూడా ఎక్కువ పోతుంది. మూడుపూటలా పచ్చడి, పైన ఉప్పు చల్లుకునే అలవాటును ఆ కోణంలో చూడాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లుడిగిన ఆడవాళ్లకు 1,200 సిఫారసు చేసింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో ప్రచురించిన పరిశోధన చూస్తే ఆ చుట్టుపక్కల జనం తిండిలో కాల్షియం చాలా తక్కువ, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ ఎక్కువ, పైగా విటమిన్ డి లోపం విరివిగా ఉంది. విటమిన్ డి చాలకపోతే తిన్న కాల్షియంలో కొద్ది భాగమే పేగు దాటుతుంది. ఎండ మొహం చూడకుండా సాంచాల షెడ్డులో రోజంతా నిలబడేవాళ్లకూ, కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో నీడన కూచుని బీడీలు చేసే ఆడవాళ్లకూ ఈ మాట నేరుగా వర్తిస్తుంది. నేను చెప్పిన పాలు, పెరుగు, పొట్టు నువ్వులు ఎండతో కలిస్తేనే పూర్తిగా పనికొస్తాయి.

సద్దుల బతుకమ్మ నాడు మన ఇళ్లలో చేసే సద్దుల్లో నువ్వుల సద్దీ, పెరుగు సద్దీ, చింతపండు పులిహోరా ఒకే పళ్లెంలోకి వస్తాయి. నువ్వులు దోరగా వేయించి, పొట్టుతోనే మెత్తగా పొడికొట్టి అన్నంలో కలిపితే నువ్వుల సద్ది. పొడి కొట్టిన గింజ పంటి కింద పడకుండా జారిపోదు, అందుకే ఒంటికి మరింత పడుతుంది. పక్కన పెరుగు ఎలాగూ ఉంది. పులిహోరలోని పులుపు ఎముకకు అపకారమేమీ చేయదు. ఏడాదికి ఒక్కనాడు కాక, వారానికి రెండుసార్లయినా ఆ పొడి చేసుకోవచ్చు. సీసాలో పోసి మూత బిగించి పెడితే కొన్ని రోజులు కమ్మదనం పోకుండా ఉంటుంది, ఎక్కువ కాలం ఉంచితే నూనె వాసన పడుతుంది కనుక కొద్దికొద్దిగా కొట్టుకోవడమే మంచిది.