ఏ అరలో పెట్టాలి?

1989 ఫిబ్రవరి, లాస్ ఏంజెలెస్. హార్డ్ రాక్, హెవీ మెటల్ రెండింటికీ కలిపి గ్రామీవాళ్ళు మొట్టమొదటిసారి ఒక బహుమతి పెట్టిన ఏడాది. అది మెటల్ బ్యాండు మెటాలికాకే అని అందరూ తీర్మానించేసుకున్నారు. ఆ సాయంత్రం అదే వేదిక మీద వాళ్ళు వాయించారు కూడా. తీరా కవరు విప్పితే బయటికొచ్చిన పేరు జెత్రో టల్. హాల్లో వెక్కిరింపు అరుపులు. అందుకోవడానికి ఆ బ్యాండు మనిషి ఒక్కడూ అక్కడ లేడు. ఎలాగూ రాదని వాళ్ళ రికార్డు కంపెనీవాళ్ళే చెప్పేసరికి ఎవరూ బయలుదేరలేదు. జెత్రో టల్ అంటే ఇయాన్ ఆండర్సన్. ఇయాన్ ఆండర్సన్ అంటే ఒంటికాలి మీద నిలబడి ఊదే వేణువు. తర్వాత ఆ కంపెనీ పత్రికలో ఒక ప్రకటన వేయించింది: ఇనప కడ్డీల కుప్పలో ఒక వేణువు, ఇదీ బరువైన లోహవాద్యమేనని కింద ఒక చమత్కారం. మన వేణువైతే వెదురు కాబట్టి ఆ జోకు పేలేది కాదు.

మరుసటి ఏడాది బహుమతుల్లో హార్డ్ రాక్‌నీ మెటల్‌నీ విడదీశారు. మెటల్ బహుమతి మెటాలికాకు వచ్చింది, గొడవ సద్దుమణిగింది. హార్డ్ రాక్ ఎక్కడ ఆగుతుంది, మెటల్ ఎక్కడ మొదలవుతుంది అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

కర్ణాటక సంగీతం వినిపించే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ చిక్కు కొత్తది కాదు. ఆరభి, దేవగాంధారి రాగాలనే తీసుకోండి. రెండూ శంకరాభరణం పిల్లలే. ఆరోహణ ఒకటే, అవరోహణ ఒకటే. కాగితం మీద రాస్తే కవలలు. పాడితే మాత్రం ఆరభి నిటారుగా, చకచకా నడుస్తుంది. దేవగాంధారి ఊగుతూ, సాగుతూ, తీరిగ్గా వస్తుంది. తేడా అంతా నడకలోనే. హార్డ్ రాక్‌కీ మెటల్‌కీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు రాగాల పేర్లు చెప్పి తప్పించుకుంటాను. కాకపోతే మనకు లక్షణ గ్రంథాలున్నాయి. పదిహేడో శతాబ్దంలో వెంకటమఖి కూర్చుని 72 మేళకర్తల లెక్క కట్టిపెట్టాడు. రాక్ సంగీతానికి అలాంటి మఖి ఎవరూ పుట్టలేదు. అక్కడ పేర్లు పెట్టింది దుకాణాలవాళ్ళు, పత్రికలవాళ్ళు, ఒక్కోసారి వేళాకోళం ఆడినవాళ్ళు.

దుకాణాల సంగతి ముందు చూద్దాం. అమెరికాలో నల్లజాతివాళ్ళ పాటల రికార్డులకు చాలాకాలం ‘రేస్ రికార్డులు’ అని పేరు. పాట ఎలా ఉందన్నది కాదు, ఎవరు పాడారు, ఎవరికి అమ్మాలి అన్నదే ఆ పేరుకు అర్థం. 1949లో బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ ఆ మాట బాగాలేదని ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని మార్పించాడు. పేరు మారింది, గోడ అలాగే ఉంది. అదే సంగీతాన్ని తెల్ల కుర్రకారు ఎగబడి కొనడం మొదలుపెట్టాక దానికి ‘రాక్ అండ్ రోల్’ అనే పేరు స్థిరపడింది. సిస్టర్ రోసెట్టా థార్ప్ అనే ఆవిడ అంతకుముందే, 1940ల్లోనే, ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని భక్తి గీతాలు పాడేది. ఆమె వేళ్ళు చేసిన పని విని నేర్చుకున్నవాళ్ళు రాక్ చక్రవర్తులయ్యారు. ఆమెను మాత్రం చర్చి పాటల అరలోనే ఉంచారు. క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను తలుచుకున్నది 2018లో. అప్పటికి ఆమె పోయి 45 ఏళ్ళు.

1987 వేసవిలో లండన్‌లోని ఒక పబ్బులో చిన్న రికార్డు కంపెనీలవాళ్ళు కొందరు కలుసుకున్నారు. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా పాటలు తెస్తున్నారు సరే, దుకాణంవాడికి వాటిని ఏ అరలో పెట్టాలో తెలియడం లేదు. అక్కడ తేల్చుకున్న పేరు ‘వరల్డ్ మ్యూజిక్’. మాలి పాటకీ, పాకిస్తాన్ కవ్వాలీకీ పోలిక ఏమిటంటే రెండూ ఇంగ్లండువి కావు, అంతే. నవ్వొస్తుంది గానీ, మేం చదువుకునే రోజుల్లో మా ఊరి క్యాసెట్ల షాపులో సరిగ్గా దీన్ని తిరగేసిన అర ఒకటుండేది. దాని మీద ‘ఇంగ్లీషు’ అని పెయింటుతో రాసుండేది. బోనీ ఎం, మైకేల్ జాక్సన్, మెటాలికా, క్రిస్మస్ పాటలు, అన్నీ అందులోనే.

పత్రికల సంగతి ఇంకా సరదా. 1992లో సియాటిల్ నుంచి ‘గ్రంజ్’ అనే మాట ప్రపంచం మీద పడింది. ఈ గ్రంజ్ కుర్రాళ్ళు మాట్లాడే యాస ఏమిటో చెప్పమని న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఫోన్ చేస్తే, అక్కడి రికార్డు కంపెనీల్లో పనిచేసే మేగన్ జాస్పర్ అనే అమ్మాయి అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలు కల్పించి చెప్పింది. పత్రిక వాటిని అర్థాలతో సహా నిఘంటువులా అచ్చేసింది. ఆమె తర్వాత అదే ఊళ్ళోని సబ్ పాప్ కంపెనీకి అధిపతి అయింది.

ఇంత విన్నాక ఈ పేర్లన్నీ గాలి మూటలే అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. పేరు ఎవడు పెట్టినా, కింద చేతి పని అంటూ ఒకటుంది. చెవి పట్టుకునేది దాన్ని.

మొదటిది బొంగురు. రాక్ గిటారు గొంతు చిరిగినట్టు ఉంటుంది కదా, దాన్ని ఫజ్ అంటారు. అది పుట్టింది రాక్ పాటలో కూడా కాదు. 1960లో నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే కంట్రీ గాయకుడి పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు గరగరలాడుతూ రికార్డయింది. తీసేద్దామా వద్దా అని తర్జనభర్జన పడి చివరికి ఉంచేశారు. పాట హిట్టయింది. ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిపోయిన ధ్వనిని కావాలనుకున్నప్పుడు తెప్పించే పెట్టె ఒకటి తయారు చేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ ఆ పెట్టెను కాలితో నొక్కాక లోకమంతా దాని వెంట పడింది. అంతకు ఏడాది ముందు లండన్‌లో కింక్స్ బ్యాండు డేవ్ డేవిస్‌కి ఈ పెట్టె గొడవ ఏమీ లేదు. స్పీకరు అట్టను బ్లేడుతో కోసి అదే బొంగురు తెప్పించాడు.

చెడగొట్టిన ధ్వని అంత ఇంపుగా ఎందుకుంటుంది? తంబురా గుర్తు తెచ్చుకోండి. తీగల కింద చిన్న నూలుపోగు దూర్చి, ముందుకీ వెనక్కీ జరిపి, జుయ్యిమనే నాదం వచ్చేదాకా సరిచేస్తారు. జీవ అంటారు దాన్ని. ఆ పోగు లేకపోతే తీగ మూగగా మోగుతుంది. పోగు పెడితే ఒక్క స్వరంలోంచి పది ఉపస్వరాలు లేస్తాయి. ఫజ్ చేసే పని మొరటుగా అదే. గిటారు వాళ్ళు ఎక్కువగా పట్టే పవర్ కార్డు కూడా తంబురాలో వినిపించే జంటే: షడ్జం, పంచమం. మధ్యలో గాంధారం ఉండదు. పాశ్చాత్య సంగీతంలో పాట సంతోషమో విషాదమో చెప్పేది ఆ గాంధారమే. బొంగురు ఎక్కువైతే గాంధారం దగ్గర స్వరాలు ఒకదాన్నొకటి కరుచుకుని బురదవుతాయి, స-ప జంట మాత్రం రాయిలా నిలుస్తుంది. అందుకే దాన్ని తీసేశారు. ఏడుపో నవ్వో తెలియని ఆ బరువే రాక్‌కి ముఖం.

దెబ్బ పడే చోటు కూడా వేరే. మనం ఆదితాళం వేస్తే మొదటి దెబ్బకే బరువు. రాక్ డ్రమ్ములో నాలుగు దెబ్బలకు రెండోదీ నాలుగోదీ పేలతాయి. రిఫ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: నాలుగైదు స్వరాల ముక్క, మళ్ళీ మళ్ళీ వస్తుంది, పాట పేరు మరిచిపోయినా అది మాత్రం నోట్లో ఉంటుంది.

ఇవన్నీ ఒక్క చోట పోగై కొత్త పేరు కావలసొచ్చిన ఊరు బర్మింగ్‌హామ్. ఆ ఊళ్ళో ఆస్టన్ అనే కార్మికుల పేట. 1965లో పదిహేడేళ్ళ ఆ పేట కుర్రాడు టోనీ ఐయోమీ రేకుల ఫ్యాక్టరీలో పని మానేసి బ్యాండుతో ఊళ్ళు తిరగబోతున్నాడు. అది ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇంక వెళ్ళనన్నాడు. ఒప్పుకున్న పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపింది. ఆ పూట రాని మనిషి స్థానంలో యంత్రం దగ్గర నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఐయోమీ ఎడమచేతి వాటం మనిషి; తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే.

ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. బండి తగలబడి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాక కూడా జాజ్ గిటారులో మొనగాడైనవాడు జాంగో. అది విన్నాక ఐయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు టోపీలు చేసుకున్నాడు, వాటి మీద తోలు ముక్కలు అతికించాడు. నొప్పిని తట్టుకోవడానికి పలచటి బాంజో తీగలు కట్టాడు. తర్వాత తీగలను వదులు చేసి శ్రుతి కిందికి దించేశాడు. అతని బ్యాండు బ్లాక్ సబ్బత్ 1971లో తెచ్చిన మూడో ఆల్బమ్‌లో కొన్ని పాటలకు శ్రుతి మూడు మెట్లు కిందుంటుంది. మెటల్‌లో ఆ పాతాళపు మోత వెనుక తెగిన వేళ్ళ సౌకర్యం కూడా ఉంది.

బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్‌ను ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం పూట వదిలారు. బ్యాండు పేరే పాట పేరైన మొదటి పాటలో రిఫ్ మూడే స్వరాలు: షడ్జం, పై షడ్జం, అక్కణ్ణుంచి జారి ప్రతిమధ్యమం. ఈ స-మ దూరానికి యూరప్‌లో సైతాను స్వరమని పాత పేరు. చర్చి దాన్ని నిషేధించిందన్న కథకు ఆధారాలు లేవు. మనకైతే అదే ప్రతిమధ్యమం కల్యాణిలో పెళ్ళి కళతో వస్తుంది. ఒకే స్వరం, చుట్టుపక్కలవాళ్ళు వేరు. పైగా డ్రమ్ములు వాయించిన బిల్ వార్డ్ జాజ్ అభిమాని. శ్రద్ధగా వింటే ఆ మోత కింద ఊపు జాజ్‌దే. వాళ్ళు తాము వాయించేది హెవీ రాక్ అనుకున్నారు. ‘హెవీ మెటల్’ అనే మాట వాళ్ళకు బయటినుంచి తగిలింది, మొదట్లో వాళ్ళకు నచ్చలేదు కూడా. మోటర్‌హెడ్ బ్యాండు లెమ్మీ అయితే పోయేదాకా తమది రాక్ అండ్ రోలేనని కచేరీ కచేరీకీ చెబుతూనే ఉన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి మా హాస్టల్ గదిలో గొడవ మొదలయ్యేది: అందరిలోకీ గొప్ప బ్యాండు ఏది? లెడ్ జెప్లిన్ అని ఒకడు. 1980 సెప్టెంబరులో డ్రమ్మర్ జాన్ బోనమ్ పోతే అతను లేకుండా వాయించలేమని బ్యాండే మానేశారు, బ్యాండంటే అదిరా అనేవాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో పాడేవాడు బాన్ స్కాట్ పోతే, జూలైకల్లా కొత్త గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ తెచ్చిన ఏసీడీసీ సంగతేంటని ఇంకొకడు. రెండూ నిజమే. నలుగురు కలిస్తే ఐదో మనిషి ఒకడు పుడతాడు, అతను ఒకచోట డ్రమ్మర్‌తో పాటే పోయాడు, ఇంకోచోట పోలేదు. జెప్లిన్‌ది సొంత సరుకు కాదన్న వాదన కూడా ఉండేది. బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ దావా వేస్తే 1987లో రాజీపడ్డారు కదా అని. నిజమే, కానీ హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల కింద డ్రమ్ములు పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి తెచ్చిన ఆ దెబ్బ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

నా కొలబద్ద వేరే. ఎవరు వచ్చాక పాత అరలు సరిపోక దుకాణంవాడు కొత్త అర కొట్టించుకున్నాడో వాళ్ళు గొప్ప. దీని ప్రకారం నా ఓటు బ్లాక్ సబ్బత్‌కి. ఈ కొలతకు కన్నాలున్నాయని నాకూ తెలుసు. బీటిల్స్ 1965లో సితార్ వాయించి, 1968లో చెవులు చిల్లులు పడే పాట చేసి, అరలన్నీ తెరిచి ఎందులోనూ కాపురం పెట్టలేదు. క్వీన్ ఇంకా కష్టం. పంచ్‌గనిలో చదువుకున్న పార్సీ కుర్రాడు ఫరోఖ్ బుల్సారా, అంటే ఫ్రెడ్డీ మెర్క్యురీ, 1975లో ఆరు నిమిషాల పాటలో ఆపెరానీ హార్డ్ రాక్‌నీ కుట్టేశాడు. కొత్త అర పుట్టలేదు, ఎందుకంటే వెనకాల వచ్చినవాళ్ళెవరికీ అది చేతకాలేదు. క్వీన్ పేరు చెప్పి నన్ను ఓడించిన మిత్రుడికి నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీకీ జవాబులు లేవు. 2022లో డాలీ పార్టన్ పేరు ప్రతిపాదిస్తే, నేను కంట్రీ గాయనిని, నాకు ఆ అర్హత లేదని ఆవిడ మొదట వద్దంది. అయినా ఓట్లు పడి చేర్చుకున్నారు. సరేనని మరుసటి ఏడాది ఒక రాక్ ఆల్బమ్ చేసి ఇచ్చింది! సబ్బత్‌ను ఏళ్ళ తరబడి పక్కన పెడితే విసిగిపోయి ఆ బ్యాండు గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ మా పేరే తీసేయమన్నాడు. 2006లో చేర్చుకున్నారు.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో, తాము పెరిగిన ఆస్టన్ పేటలోనే ఉన్న విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో సబ్బత్ నలుగురూ ఆఖరిసారి కలిసి వాయించారు. వాళ్ళ కంటే ముందు వేదిక ఎక్కి వాయించి దిగినవాళ్ళలో మెటాలికా కూడా ఉంది. ఓజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకు కన్నుమూశాడు. ఆ సాయంత్రం అతని పక్కన నిలబడి గిటారు వాయించిన ఐయోమీ కుడిచేతి రెండు వేళ్ళకీ టోపీలు అలాగే ఉన్నాయి.