వుకొద్లాక్: పేరులో తోడేలు, అర్థంలో శవం

అర్థపరిణామం అనగానే మన పాఠ్యపుస్తకాలు ‘కంపు’, ‘చీర’ అనే మాటల దగ్గర ఆగిపోతాయి. ఒకప్పుడు ఏ వాసనకైనా చెల్లిన మాట దుర్వాసనకు మిగిలింది. ఏ వస్త్రానికైనా చెల్లిన మాట స్త్రీల వస్త్రానికి మిగిలింది. ఇవి మంచి ఉదాహరణలే. అయితే వీటిలో అర్థం తన ఇరుగుపొరుగు దాటి పోలేదు. ఊరే విడిచిపోయిన మాటను చూడాలంటే బాల్కన్ ప్రాంతానికి వెళ్లాలి. తోడేలుగా మారే మనిషిని సూచించే పేరు అక్కడ సమాధిలోంచి లేచే శవానికీ, సూర్యచంద్రులను మింగే భూతానికీ పేరైంది.

చెక్ భాషలో అది వ్ల్కొద్లాక్, సెర్బియన్‌లో వుకొద్లాక్, బల్గేరియన్‌లో వర్కొలాక్. మొదటి భాగానికి తోడేలని అర్థం. అది సంస్కృత ‘వృక’ శబ్దానికి తోబుట్టువు. భీముణ్ణి వృకోదరుడు అన్నప్పుడు మనం పలికేది ఆ కుటుంబపు మాటనే. రెండో భాగాన్ని వెంట్రుక, బొచ్చు అనే అర్థమున్న ‘ద్లాక’తో కలిపి చెప్పడం పరిపాటి. దీనిమీద పండితుల్లో వాదాలున్నాయి, మొదటి భాగం మీద లేవు.

ఇంగ్లీషు ‘వేర్‌వుల్ఫ్’ నిర్మాణం ఇంకా తేట. అందులో ‘వెర్’ అంటే పురుషుడు, మన ‘వీర’ శబ్దానికి చుట్టం. అయినా 11వ శతాబ్ది తొలినాళ్లలో, క్నూట్ రాజు చట్టాల్లో ఈ మాట కనిపించినప్పుడు దాని అర్థం రూపం మార్చుకునే మనిషి కాదు. క్రైస్తవ మందమీద పడే సైతాను. ఫ్రెంచివారి ‘లూ-గరూ’ది మరో చిత్రం. ‘గరూ’లోనే మనిషీ తోడేలూ ఇమిడి ఉన్నాయి. ఆ సంగతి మరుగునపడ్డాక ముందు మరో ‘తోడేలు’ తగిలించారు. మనవాళ్లు ‘నడిసెంటరు’ అన్నట్టే.

ఇక సెర్బియా. 1262 నాటి ఒక చర్చి ధర్మశాస్త్ర ప్రతిలో, మేఘాలను తరిమేవాటిని పల్లెజనం వుకొద్లాక్‌లంటారనీ, గ్రహణం పడితే అవి చంద్రుణ్ణో సూర్యుణ్ణో తినేశాయంటారనీ ఉంది. రుమేనియన్ ‘వర్కొలాక్’ ఈ గ్రహణపు అర్థాన్ని నిలుపుకుంది. యాస్కుడు నిరుక్తంలో ఒక వేదమంత్రంలోని ‘వృక’కు చంద్రుడని అర్థం చెప్పిన మాట నిజమే. అంతమాత్రాన ఈ రెంటికీ ముడిపెట్టకండి. ధ్వని కలిసినంత మాత్రాన, బొమ్మ కలిసినంత మాత్రాన చరిత్ర కలవదు. నిరుక్తి రాయబోయే విద్యార్థి మొదట నేర్వవలసింది ఈ నిగ్రహమే.

వుక్ కరాజిచ్ 19వ శతాబ్దిలో సెర్బియన్ నిఘంటువు కూర్చేనాటికి, వుకొద్లాక్ అంటే చనిపోయాక ఏదో దుష్టశక్తి దూరడంతో లేచి వచ్చే మనిషి. తోడేలు పేరులో మాత్రమే ఉంది. ఆయన సొంత పేరు ‘వుక్’కూ తోడేలనే అర్థం. అంతకుముందు పిల్లలు దక్కకపోవడంతో, మంత్రగత్తెలు తినకుండా ఉండాలని ఆయనకు తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. పుట్టిన పిల్లలు పోతుంటే మనవాళ్లు పెంటయ్య అని పేరు పెట్టడం గుర్తుకు రాక మానదు. మనం మృత్యువుకు ఏవగింపు కలిగించాలనుకున్నాం, వాళ్లు భయపెట్టాలనుకున్నారు.

గ్రీకుల విషయం మరీ ఆలోచించదగ్గది. వాళ్లకు సొంతంగా ‘లుకాన్త్రొపొస్’ అనే మాట ఉంది. ప్రాచీన వైద్యులు దాన్ని ఒక మనోవ్యాధికి వాడారు. అయినా స్లావుల మాటను ‘వ్రికోలకస్’గా అరువు తెచ్చుకుని, కుళ్లని, తిరుగాడే శవానికి పెట్టుకున్నారు. 1700 చివర మికొనోస్ దీవిలో అటువంటి శవం తిరుగుతోందని ఊరంతా బెంబేలెత్తింది. శవాన్ని తవ్వితీసి, గుండె కోసి కాల్చారు. భయం తీరక 1701 జనవరి 1న మిగిలిన దేహాన్నీ దహనం చేశారు. దగ్గరుండి చూసిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు తూర్నెఫోర్ దీన్నంతటినీ పిచ్చిగా కొట్టిపారేశాడు. ఆయన వర్ణన అమూల్యం. తీర్పు మాత్రం తొందరపాటని నా అభిప్రాయం. ఆ జనం భయపడ్డది అడవి మృగానికి కాదు, నిన్నటిదాకా తమ మధ్య మసలిన రైతుకు.

అనువాదకుడికి చిక్కు ఇక్కడే వస్తుంది. పుష్కిన్ రష్యన్‌లో ప్రచారంలోకి తెచ్చిన ‘వుర్దలాక్’ ఈ మాటకే వికృతరూపం. దాన్ని తీసుకుని అలెక్సేయ్ టాల్‌స్టాయ్ 1839లో ‘వుర్దలాక్ కుటుంబం’ అనే కథ ఫ్రెంచిలో రాశాడు. (‘యుద్ధము-శాంతి’ రాసిన టాల్‌స్టాయ్ వేరు.) ముసలి గోర్చా దొంగను వేటాడబోతూ, పది రోజులు దాటాక తిరిగి వస్తే తనను లోపలికి రానివ్వవద్దని కొడుకులకు చెబుతాడు. సరిగ్గా గడువు ముగిసే గడియలోనే వస్తాడు. దాటినట్టా, దాటనట్టా? కొడుకులు తేల్చుకోలేరు. మనవడు చనిపోతాడు. పూడ్చిన ఆ పసివాడు ఒక రాత్రి గుమ్మం దగ్గరకు వచ్చి చలేస్తోందని ఏడుస్తాడు. తన చేతులతో మట్టి వేసిన తల్లికి వాణ్ణి పొమ్మనే శక్తి చాలదు.

వ్యుత్పత్తిని పట్టుకుని ఈ శీర్షికను ‘తోడేలు మనిషి కుటుంబం’ అని తెలుగు చేస్తే కథ తలకిందులవుతుంది. పాఠకుడు అడవి వైపు చూస్తూ కూర్చుంటాడు, వచ్చేవాడు ఇంటివాడు. ‘రక్తపిశాచి’ అర్థానికి దగ్గరే కాని, మన పిశాచి ఎవరినైనా పట్టగలదు. వుర్దలాక్ ముందుగా తన రక్తసంబంధులనే వెతుక్కుంటుంది. శీర్షికలో ‘వుర్దలాక్’ను అలాగే ఉంచి, కథకుడు మొదట్లో ఇచ్చే వివరణకు పని అప్పగించడమే నాకు సమ్మతం.