ముద్ర అంటే నకలు కాదు

వేసవి ఆర్ట్ క్లాసులో లినోలియం చెక్కి, అచ్చు వేసి తెస్తే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న: "ప్రింటేనా? ఒరిజినల్ ఏదీ?"

జవాబు చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) బొమ్మల్లో ఉంది. పారిస్‌లో హేటర్ నడిపిన అతెలియే 17లో ఆయన, తోటి కళాకారులు కలిసి విస్కాసిటీ పద్ధతికి రూపమిచ్చారు. ఒకే లోహపు రేకు, దాని మీద రకరకాల లోతులు. గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది, మెత్తటిది లోతుల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువున్న పల్చటి రంగు పడ్డచోట చిక్కటి రంగు అంటుకోదు. రంగులన్నీ ఒక్కసారే కాగితం మీదికొస్తాయి. ఆయన 'వర్ల్‌పూల్' ఏ పెయింటింగుకీ కాపీ కాదు. ఆ సుడిలో రంగులు కలిసేది రేకు మీదే. ఇక నకలు దేనికి?

వరంగల్ క్లాసులో ప్రెస్ లేకపోయినా ఫరవాలేదు. లినో, చిన్న ఉలి, నొక్కి రుద్దడానికి గరిటె వెనకభాగం చాలు. కానీ రెడీమేడ్ డిజైన్ని కార్బన్ పేపర్‌తో దింపించే క్లాసు అసలు విద్యనే వదిలేస్తోంది. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుందని, అక్షరం తిరగేసి రాయాలని, తెగిన గీతకి అన్‌డూ లేదని చేతికి తెలియాలి. తీసేస్తేనే రూపం వస్తుందన్నది కాకతీయ తోరణం చూస్తూ పెరిగిన పిల్లలకి కొత్త సంగతేం కాదు. ఆ తోరణాన్ని ట్రేస్ చేయించడం మానేసి, వాళ్లని తిరగేసి ఆలోచించనివ్వాలి.